వంపుకు వందనం

గ్రాఫు కాగితం మీద ముందు ఉండేవి ఏడు చుక్కలే. అడ్డంగా మైనస్ 3 నుంచి 3 దాకా, వాటి ఎదుట నిలువుగా 9, 4, 1, 0, 1, 4, 9. ఎక్స్‌ను దానితోనే హెచ్చవేస్తే వై. నీ జాతకమంతా ఇంతే. సరళరేఖకు రెండు చుక్కలూ ఒక స్కేలూ చాలు. నీ దగ్గరికి వచ్చేసరికి స్కేలు పక్కన పెట్టాలి, మణికట్టు వదులు చేసుకోవాలి, ఊపిరి కాస్త బిగబట్టాలి. లేత పచ్చ గడుల మీద ఎడమ నుంచి జారి, మూలబిందువును తాకి, కుడివైపు లేస్తావు. పరావలయమా, నీకు నమస్కారం.

నీ అడుగుభాగాన్ని చాలామంది పిల్లలు కొనదేల్చి గీస్తారు. వాళ్ళనేం అనగలం? చుక్కలు అక్కడ అంత ఎడంగా ఉన్నాయి మరి. సగం దగ్గర నిన్ను అడిగితే పావు అంటావు. పదో వంతు దగ్గర అడిగితే నూరో వంతు అంటావు. సెంటీమీటరుకు ఒక యూనిట్ చొప్పున గీస్తే, మూలబిందువు నుంచి ఒక మిల్లీమీటరు పక్కకు జరిగేసరికి నువ్వు పైకి లేచేది మిల్లీమీటరులో పదో వంతు. పెన్సిలు గీత మందం కూడా లేదది. దిగడం ఆపి ఎక్కడం మొదలుపెట్టిన చోటు ఇదీ అని వేలు పెట్టి చూపబోతే వేలి కింద అంతా చదునే. అయినా ఆ చోటు ఉంది, ఒక్కటే ఉంది. దాని పేరు శీర్షం. నువ్వు పైకి తెరుచుకున్నప్పుడు శీర్షం అట్టడుగున ఉంటుంది. ఈ తలకిందుల పేరు నీకు బాగానే నప్పింది.

ఇక నీ మెట్లు. 0 నుంచి 1కి ఎత్తు 1. తర్వాతి అడుగుకు 3, ఆ తర్వాత 5, ఆ పైన 7. బేసి సంఖ్యలు వరస తప్పకుండా వస్తాయి. మెట్టుకూ మెట్టుకూ తేడా ఎప్పుడూ 2. నీ ఎత్తు మారుతుంది, నీ ఎక్కుడు మారుతుంది, ఎక్కుడు పెరిగే తీరు మాత్రం మారదు. గెలీలియో వాలుబల్ల మీద కంచు గోళీ దొర్లించి, సన్నని ధారగా పడే నీటిని తూచి కాలాన్ని కొలిచినప్పుడు ఆయనకు దొరికింది ఈ వరసే: సమాన కాలాల్లో 1, 3, 5, 7. పక్కకు నిలకడగా సాగుతూ, కిందికి ఈ బేసి మెట్లు దిగే వస్తువు నీ దారినే నడుస్తుందని చెప్పిన ఆయన పుస్తకం 1638లో హాలండ్‌లోని లైడెన్‌లో అచ్చయింది. రాసిన మనిషి అప్పటికి ఇటలీలో గృహనిర్బంధంలో ఉన్నాడు. సిక్సర్‌గా లేచిన బంతి అచ్చంగా నువ్వే అని మాత్రం నేను అనను. గాలి అడ్డుపడుతుంది, దిగేటప్పుడు బంతి ఎక్కినదానికంటే నిట్రంగా పడుతుంది. గాలి లేని చోట అది నీదే.

నిన్ను జరపడం చూడాలి. ఎక్స్ నుంచి 3 తీసేసి వర్గం చేస్తే నువ్వు కుడివైపు మూడు గడులు నడుస్తావు. తీసేస్తే ఎడమకు కదా పోవాలి అని తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. నీ నడకను చూడకుండా నీ సున్నను చూస్తే ముడి విడిపోతుంది. లోపలిది సున్న కావాలంటే ఎక్స్ 3 కావాలి, నీ అడుగు అక్కడే ఆనాలి. ఆ వర్గం నుంచి 4 తీసేస్తే నాలుగు గడులు కిందికి మునుగుతావు. అప్పుడు అడ్డగీతను 1 దగ్గర ఒకసారి, 5 దగ్గర ఒకసారి కోస్తావు. ఎక్స్² − 6ఎక్స్ + 5 అని రాసినప్పుడు ఇవేవీ కనబడవు. (ఎక్స్ − 3)² − 4 అని రాస్తే నీ చిరునామా అంతా అక్కడే ఉంటుంది.

మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్ బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ బై టూ ఏ. పదో తరగతి గోడలన్నీ విన్న మంత్రమిది. మంత్రంలా వల్లించి మంత్రంలాగే వదిలేశాం. దాన్ని రెండుగా విరిచి నీ పక్కన పెడితే ప్రతి అక్షరమూ నీ ఒంటి మీద కనిపిస్తుంది. మైనస్ బి బై టూ ఏ దగ్గర నీ నడుము, నిన్ను సరిగ్గా మధ్యకు మడిచే నిలువు గీత. మిగిలిన రూట్ ముక్క ఆ గీత నుంచి చెరో పక్కకు వేయాల్సిన అడుగు. ప్లస్ ఆర్ మైనస్ అంటే నీ కుడి, నీ ఎడమ. సూత్రం అంటున్నదల్లా నువ్వు రెండు వైపులా సమానం అనే.

ఈ దారి కనిపెట్టినవాళ్ళు నిన్ను గీయలేదు. ఇరువైపులా 4ఏతో హెచ్చవేసి, బి వర్గం కలిపి, వర్గాన్ని పూర్తి చేసే ఉపాయం శ్రీధరాచార్యుడిది. ఆయన బీజగణిత గ్రంథం మనకు మిగల్లేదు. భాస్కరాచార్యుడు ఎత్తి రాసుకోబట్టి ఆ ఉపాయం బతికింది. గ్రీకులు శంకువును పక్క అంచుకు సమాంతరంగా కోసి నీ ఆకారాన్ని చూశారు. మనవాళ్ళు ఆకారం చూడకుండానే నీ మూలాలు పట్టుకున్నారు. 1637లో డెకార్ట్ జ్యామితి పుస్తకం వచ్చి, వంపులను సమీకరణాలుగా రాసే అలవాటు స్థిరపడ్డాకే ఆ ఇద్దరికీ దొరికింది నువ్వేనని తెలిసింది.

రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు ఒక ఒంటెల లెక్క చెప్పాడు. మందలో పావు వంతు అడవిలో కనిపించింది. మంద వర్గమూలానికి రెట్టింపు కొండవాలుకు పోయింది. ఏటి ఒడ్డున మూడైదులు పదిహేను ఉన్నాయి. మొత్తం ఎన్ని? 36. వర్గమూలాన్ని ఎక్స్ అనుకుని నిన్ను గీస్తే కుడి కాలు 6 దగ్గర దిగుతుంది. ఎడమ కాలు మైనస్ మూడుంబావు దాటి, మైనస్ 10/3 దగ్గర దిగుతుంది. ఒంటెల కథలో ఆ రెండో దానికి చోటు లేదు. నీ దగ్గర ఉంది. కథ వదిలేసినదాన్ని కూడా నువ్వు దాచిపెట్టావు. రుణసంఖ్య దేనికీ వర్గం కాదు కనుక దానికి వర్గమూలం లేదని కూడా ఆ మహావీరుడే అన్నాడు. ఆయన గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. కాబట్టి నీ సంగతులకు మన భాషతో చుట్టరికం కొత్తది కాదు. రూట్ లోపలి ముక్క, అంటే విచక్షణి, రుణమైతే వాస్తవ మూలాలు లేవని ఇప్పుడు పుస్తకంలో ఒక వాక్యం రాసి ఊరుకుంటారు. గ్రాఫు మీద అయితే అది లేమిలా అనిపించదు. నువ్వు అడ్డగీతకు పైనే ఆగి, దిగకుండా మళ్ళీ లేచిపోయావు, అంతే.

నిన్ను ఒక్కసారి శ్రద్ధగా గీసి ఉంచుకుంటే మళ్ళీ మళ్ళీ గీయనక్కర్లేదు. 7 ఎత్తున ఒక అడ్డగీత గీసి, అది నిన్ను కోసిన చోటి నుంచి కిందికి దిగితే 7 వర్గమూలం, రెండున్నర దాటి కొద్దిగా. ఎక్స్² − ఎక్స్ − 2 = 0 సాధించాలా? ఎక్స్‌కు 2 కలిపే సరళరేఖను నీ మీదుగా లాగితే మైనస్ 1 దగ్గరా 2 దగ్గరా కోస్తుంది. రేఖ నిన్ను రెండు చోట్ల కోస్తే రెండు మూలాలు, ఒరుసుకుంటే ఒకటే, తాకకుండా పోతే సున్న. అన్ని వర్గ సమీకరణాలకూ కలిపి నువ్వొక్కదానివి, ఒక స్కేలు.

ఇంకో వింత ఉంది. నీ ఎడమ చేతి మీద మైనస్ 2 దగ్గరి చుక్కనూ, కుడి చేతి మీద 3 దగ్గరి చుక్కనూ కలుపు. ఆ గీత నిలువు అక్షాన్ని 6 దగ్గర కోస్తుంది. 4నూ 5నూ కలిపితే 20. ఎక్కం పుస్తకం అంతా నీ రెండు చేతుల మధ్య ఉంది. 2 నుంచి మొదలుపెట్టి పూర్ణసంఖ్యల చుక్కలన్నిటినీ ఇలా కలుపుతూ పోతే, నిలువు అక్షం మీద 1 దాటాక ఏ గీతా తాకని సంఖ్యలు మిగులుతాయి: 2, 3, 5, 7, 11, 13... ప్రధాన సంఖ్యలు. దీన్ని గమనించినవాళ్ళు రష్యా గణితవేత్తలు మతియాసెవిచ్, స్తెచ్కిన్. నీ పక్కన కూర్చోవడానికి ఇంతకంటే ఏం కావాలి!

ఒకటి ఇరుకు, ఒకటి వెడల్పు అంటూ నిన్ను పలు రకాలుగా విడగొట్టి చెబుతారు. నాకది నచ్చదు. ఎక్స్ వర్గానికి రెట్టింపు తీసుకుని గీసిన వంపును భూతద్దంతో రెండింతలు చేసి చూడు, ఎక్స్ వర్గమే కనిపిస్తుంది. వృత్తాలన్నీ ఒకే ఆకారమైనట్టు నువ్వూ ఒకే ఆకారానివి. దగ్గర నుంచి చూస్తే వెడల్పు, దూరం నుంచి చూస్తే ఇరుకు. గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణం నీలాగే ఉంటుంది గాని నువ్వు కాదు. తన బరువుతో తాను వేలాడే దారానిది వేరే వంపు. అది నువ్వు కాదని హైగెన్స్ తన పదిహేడో ఏట తేల్చాడు.

నీ కడుపులో నాభి అనే బిందువు ఉంది, శీర్షానికి పావు యూనిట్ పైన. శీర్షానికి అంతే కింద నియతరేఖ. నీ మీది ఏ బిందువైనా నాభికి ఎంత దూరమో ఆ రేఖకూ అంతే దూరం. అందుకే తిన్నగా పైనుంచి వచ్చిన తరంగాలు నీ మీద ఎక్కడ పడినా ఒకేసారి నాభికి చేరతాయి. డాబాల మీది డిష్ యాంటెన్నాలు, షాద్‌నగర్‌లో ఉపగ్రహాల మాట వినే పెద్ద పళ్ళాలు, పుణె జిల్లాలో 45 మీటర్ల చొప్పున 30 పళ్ళాలు తెరుచుకుని నక్షత్రాల మధ్యనుంచి వచ్చే రేడియో తరంగాలకు కాచుకున్న జీఎంఆర్‌టీ, అన్నీ నిన్ను గిరగిర తిప్పి పోత పోసినవే.

కాగితం 9 దగ్గరో 16 దగ్గరో అయిపోతుంది. నీ చివర బాణం గుర్తు వేసి వదిలేస్తాం. ఆ బాణం ఎటు పోతుందో ఎవరూ లెక్క వేసి చూడరు. ఒక యూనిట్‌కు ఒక సెంటీమీటరే ఉంచు. పది మీటర్లు పక్కకు నడిస్తే నువ్వు పది కిలోమీటర్ల ఎత్తున ఉంటావు. రెండు కిలోమీటర్లు నిండకముందే చంద్రుడంత దూరం పైకి వెళ్ళిపోతావు. మూలబిందువు విజయవాడలో పెట్టుకుంటే, గుంటూరు దాటి ఇంకాసేపు నడిచేసరికి, అంటే 39 కిలోమీటర్ల లోపే, సూర్యుడంత ఎత్తు. అక్కడ నీ వాలు ఒక అడుగు పక్కకు 77 లక్షల అడుగులు పైకి. అయినా నువ్వు నిట్టనిలువు కావు. ఒక అడుగు పక్కకు జరుగుతూనే ఉంటావు.