ఆసుపత్రి చెప్పుకున్న బాధ

ఆసుపత్రుల మీద కన్సల్టెంట్లు రాసే నివేదికలకు ఆయుష్షు తక్కువ. సూపరింటెండెంటు మారితే బీరువాలోకి, బీరువా నిండితే తూకానికి వెళ్లిపోతాయి. అలాంటి కన్సల్టింగ్ పనిలోంచే పుట్టిన ఒక వ్యాసాన్ని మాత్రం అరవై ఏళ్లు దాటినా చదువుతూనే ఉన్నారు. 1960 ప్రాంతంలో ‘హ్యూమన్ రిలేషన్స్’ పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం లండన్‌లోని ఒక బోధనాసుపత్రి నర్సింగ్ విభాగం గురించి. రాసింది ఇసాబెల్ మెంజీస్. పెళ్లయ్యాక మెంజీస్ లిత్ అయ్యారు. అందులోని పనితనం ఎలాంటిదో కాస్త దగ్గరగా చూద్దాం.

ఆమెకు రెండు విద్యలు తెలుసు. 1917లో స్కాట్లండ్‌లో పుట్టి, సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం, ప్రయోగ మనస్తత్వశాస్త్రం చదివి, కొన్నాళ్లు అక్కడే అర్థశాస్త్రం పాఠాలు చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లండన్ వచ్చి టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హ్యూమన్ రిలేషన్స్ తొలి బృందంలో చేరారు. సంస్థలు తెచ్చిన చిక్కుల్ని తరచి చూడటం అక్కడి ఉద్యోగం. జనం ఐస్‌క్రీమ్ ఎందుకు తింటారన్న దగ్గర్నుంచి లండన్ ఫైర్ బ్రిగేడ్‌లో నియామకాల దాకా రకరకాల పనులు ఆమె చేతికి వచ్చాయి. ఆ ఉద్యోగం చేస్తూనే మనోవిశ్లేషకురాలిగా శిక్షణ పొందారు. పుస్తకాలతో తీరే శిక్షణ కాదది. ఇంకొకరికి చికిత్స చేయబోయే మనిషి ముందు తానే ఏళ్ల తరబడి ఒకరి ఎదుట మనసు విప్పుకోవాలి. తర్వాత పెద్దల పర్యవేక్షణలో రోగుల్ని చూడాలి. ఆమెను విశ్లేషించినవారిలో విల్ఫ్రెడ్ బియాన్ ఒకరు. రెండు పనులు చేసేవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. ఒకచోట అలవడిన వినికిడిని రెండోచోట వాడగలిగేవాళ్లు అరుదు.

ఆసుపత్రి టావిస్టాక్‌ను పిలిచింది డ్యూటీల తగువు తీర్చమని. అక్కడ సుమారు 700 మంది నర్సులుంటే, వాళ్లలో శిక్షణ పూర్తయినవాళ్లు 150 మంది. మిగిలినవాళ్లంతా నాలుగేళ్ల కోర్సు చదువుతున్న విద్యార్థినులే. రోగి పక్కన నిలబడి చాకిరీ చేసేదీ వాళ్లే. వార్డులో చేతులు తక్కువైతే అక్కడికి పంపాలి, చదువు కోసం అన్ని వార్డులూ తిప్పాలి. ఈ రెండూ పొసగక చదువే అటకెక్కేలా ఉందని పెద్ద నర్సుల భయం. మామూలు కన్సల్టెంటైతే చార్టు తిరగరాసి బిల్లు పంపేవాడు. మెంజీస్ ఆ చిక్కును రోగి మొట్టమొదట చెప్పుకునే బాధలా తీసుకున్నారు. కడుపునొప్పంటూ వచ్చినవాడి జబ్బు కడుపులోనే ఉండాలని లేదు కదా. అసలు సంగతి తేలేదాకా తీర్పు చెప్పకుండా ఆగారు. సుమారు 70 మంది నర్సులతో విడివిడిగానో చిన్న గుంపులుగానో మాట్లాడారు, వార్డుల్లో జరిగేది గమనించారు. ఎటు తిప్పి అడిగినా బయటపడుతున్నది ఒకటే, ఆందోళన. విద్యార్థినుల్లో మూడోవంతు మంది చదువు మధ్యలోనే వదిలేస్తున్నారు. చిన్నాచితకా జబ్బులకు పెట్టే సెలవులూ ఎక్కువే.

నర్సు పనే అలాంటిది, నెత్తురూ చావూ చూస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది అని అక్కడితో వదిలేయవచ్చు. ఆ మాటను ఆమె కొట్టిపారేయలేదు. పూర్తిగా ఒప్పుకుని, అది చాలదన్నారు. ఇంత భారం ఉందని తెలిసిన సంస్థ దాన్ని మోయడానికి ఏం ఏర్పాట్లు చేసుకుందో చూద్దామన్నారు. వ్యాసానికి ప్రాణం ఈ మలుపులోనే ఉంది.

ఆ ఏర్పాట్లను ఆమె ఒక్కొక్కటే తీసి చూపిస్తారు. ఒక నర్సు ఒక రోగిని పూర్తిగా చూసుకోవడం ఉండదు. ముప్ఫై మందికి ఒకే రకం పని చేసుకుంటూ పోవడమే ఉంటుంది. అలాగైతే ఎవరితోనూ అనుబంధం ఏర్పడదు, ఎవరు పోయినా గుండె బరువెక్కదు. రోగికి పేరుండదు, మంచం నంబరో చెడిపోయిన అవయవమో ఉంటుంది. (మన పెద్దాసుపత్రుల్లో ఒక పూట కూర్చున్నవాళ్లకు ఇది వింతేమీ కాదు.) ఉన్నపళంగా వార్డు మార్చినా పట్టించుకోని పిల్లే మంచి నర్సు. నిద్రమాత్ర వేళయిందంటే, నిద్రపోతున్న రోగినైనా లేపి మాత్ర వేయాల్సిందే. చదివేవాళ్లకు నవ్వొచ్చే ఈ సంగతి దగ్గర ఆమె నవ్వరు. నిర్ణయం తీసుకోవడమంటేనే భయం, తప్పు జరిగితే ప్రాణం పోవచ్చు. కాబట్టి ఎవరూ నిర్ణయమే తీసుకోనక్కర్లేకుండా పనిని తంతుగా మార్చేశారంటారు. మందుల దగ్గర ఒకటికి రెండుసార్లు సరిచూడటం సబబే. తేడా ఏమీ లేని గదుల్లో ఏది వాడాలన్నదానికీ పైవాళ్లను అడుగుతున్నారంటే ఆ జాగ్రత్త రోగి కోసం కాదు.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది బాధ్యత గురించి రాసిన భాగం. ఆ ఆసుపత్రిలో పై మెట్టు మీదున్నవాళ్లకు కింది మెట్టు వాళ్లంతా బాధ్యత లేని పిల్లలు. కిందివాళ్లకు పైవాళ్లంతా దయలేని కఠినులు. మెంజీస్ ఎవరి పక్షమూ వహించరు. ఒక్కొక్కరిలో ఉండే అజాగ్రత్తా, దానిమీద తమకే కలిగే కోపమూ భరించలేక, అజాగ్రత్తను కిందికీ కోపాన్ని పైకీ పంచేసుకున్నారని చూపిస్తారు. ఒక మనిషి మనసులో జరిగే పెనుగులాట జీతాల పట్టికలో మెట్లుగా ఎలా పరుచుకుందో అర్థశాస్త్రం మాత్రమే తెలిసినవాళ్లు చూడలేరు. చికిత్స మాత్రమే తెలిసినవాళ్లు దిగులు పడుతున్న నర్సుకు కౌన్సెలింగ్ ఇప్పించి పంపేసేవాళ్లు.

తేలిన సంగతి చేదుగా ఉంటుంది. ఆందోళనను దూరం పెట్టడానికి కట్టుకున్న ఈ ఏర్పాట్లు దాన్ని తగ్గించకపోగా కొత్తదాన్ని పుట్టించాయి. రోగిని కుదుటపరిచిన తృప్తి ఎవరికీ మిగల్లేదు. మనసు పెట్టి పని చేయాలనుకున్న పిల్లలే ఎక్కువగా వెళ్లిపోయారు.

వ్యాసమంతా ఒకే ఎత్తులో లేదన్నది కూడా చెప్పాలి. మనోవిశ్లేషకురాలు మెలనీ క్లైన్ సిద్ధాంతాన్ని ఆసరా చేసుకుని, నర్సు భయాలను పసిబిడ్డ ఊహాలోకానికి ముడిపెట్టిన పేజీలు నన్ను ఒప్పించలేదు. అవి తీసేసినా వార్డులో ఆమె చూసినవి చెక్కుచెదరవు. ఆసుపత్రి కూడా పెద్ద మార్పులకు సిద్ధపడలేదు, కొన్ని సర్దుబాట్లతో సరిపెట్టుకుంది. దాన్ని ఆమె దాచకుండా రాశారు. ఆందోళనకు అడ్డుగా కట్టుకున్న గోడను తీయమంటే ముందు ఆందోళనే పెరుగుతుందనీ, ఈ ప్రతిఘటన సహజమేననీ వివరించారు. ఓటమిని సైతం పరిశీలన కిందికి తెచ్చిన ఆ నిబ్బరం చికిత్స గదిలో అలవడిందే అయ్యుండాలి.

అదే వినికిడి తర్వాత స్టాన్‌మోర్‌లోని రాయల్ నేషనల్ ఆర్థోపెడిక్ హాస్పిటల్‌లో ఫలించింది. ఎముకల జబ్బులతో నెలల తరబడి మంచాన ఉండే చిన్నపిల్లల వార్డు అది. అక్కడ ఒక్కో బిడ్డ బాధ్యత ఒక్కో నర్సుకు అప్పగించారు. దారిన పోయేవాళ్లంతా లోపలికొచ్చి పిల్లల్ని ముద్దుచేసి వెళ్లిపోవడానికి అడ్డుకట్ట వేశారు. నర్సు బిడ్డకు దగ్గరవడం తప్పు కాదు, అదే పని అన్న మాట ఇక్కడ ఆచరణలోకి వచ్చింది.

లండన్ వ్యాసం 1988లో వచ్చిన ‘కంటైనింగ్ యాంగ్జైటీ ఇన్ ఇన్‌స్టిట్యూషన్స్’ సంపుటిలో ఉంది. ఆసుపత్రులు నడిపేవాళ్లూ, వాటికి సలహాలిచ్చేవాళ్లూ సిద్ధాంత భాగం దాటేసైనా సరే, మధ్య పేజీలు చదవాలి. చదివాక తమ వార్డుల డ్యూటీ చార్టు ఒకటి ముందేసుకుని, అందులో ఒక్క రోగినైనా వరసగా మూడు రోజులు ఒకే నర్సు చూసిందేమో వెతకాలి.