గన్ను పట్టే ముందు

పాత ట్రాక్టరుకు సొంతంగా రంగు వేసుకుందామనుకునే కుర్రాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘‘ఏ పెయింటు ఎక్కువ కాలం ఉంటుందండీ?’’ షాపులో అడిగితే వచ్చే జవాబూ దాదాపు ఒకటే: ‘‘పీయూ తీసుకెళ్లండి.’’ అది తప్పని నేననను. కానీ దసరాకు కడిగి, బొట్టుపెట్టి, దండ వేసి ఇంటిముందు నిలబెట్టే బండీ, రెండు పంటలకూ దమ్ములోకి దిగే బండీ ఒకటి కాదు గదా. పొలంలో దిగే బండికి గీత పడక తప్పదు. దమ్ము చక్రాలు ఎక్కించేటప్పుడు, ట్రక్కు తగిలించేటప్పుడు, గట్టు మీద తుమ్మకొమ్మ ఒరుసుకున్నప్పుడు రంగు లేస్తుంది. ఆ గీతను తుప్పు పట్టేలోపు మన చేత్తో మనం పూడ్చుకోగలిగితే, నా లెక్కలో అదీ మన్నికంటే.

అందుకని రంగుల గుణాలు తెలుసుకోవాలి. ఎన్‌సీ పెయింటు చూస్తుండగానే ఆరిపోతుంది, దుమ్ము అంటుకునే వ్యవధి ఇవ్వదు. నేర్చుకునేవాళ్లకు అందుకే ముద్దు. కానీ థిన్నరు తగిలితే ఎన్నేళ్లకైనా మళ్లీ కరిగే రకం అది. డీజిలు, గ్రీజు, ఎండ మధ్య బతికే బండికి నేను చెప్పను. సింథటిక్ ఎనామిల్ మన ఇనప గేట్లకూ కిటికీలకూ వేసేదే. నిదానంగా ఆరుతుంది, ఏళ్ల తరబడి ఎండలో ఉంటే వెలుస్తుంది. అయినా గీత పడ్డచోట చిన్న బ్రష్షుతో దిద్దితే కలిసిపోతుంది. పీయూ రెండు డబ్బాల సరుకు. రంగులో హార్డెనరు కలిపాక కొన్ని గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది గట్టిపడిపోతుంది. మెరుపులో, డీజిలును ఎండను తట్టుకోవడంలో మిగతా రెండూ దాని దరిదాపులకు రావు. కాకపోతే దాన్ని బ్రష్షుతో దిద్దితే అతుకు అతుకులానే కనిపిస్తుంది. పైగా అడుగున పాత ఎనామిల్ ఉంటే పీయూ థిన్నరు ఆ పాత రంగును ముడతలు ముడతలుగా లేపేస్తుంది. థిన్నరులో తడిపిన గుడ్డను పాత రంగు మీద కాసేపు ఆనించి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

పని చేసే బండికి నా ఓటు ఎపాక్సీ ప్రైమరుకు, దాని మీద ఎనామిల్‌కు. డబ్బు తక్కువైతే పైరంగులో తగ్గించుకోండి, ప్రైమరులో మాత్రం వద్దు. రెడ్ ఆక్సైడు చవకే. అయితే ఇనుమును పట్టుకోవడంలోనూ చెమ్మను ఆపడంలోనూ ఎపాక్సీ ముందు నిలవదు. ఎపాక్సీని ఒట్టిగా ఎండలో వదిలేస్తే పొడిబారుతుంది, పైన రంగు పడాల్సిందే.

ఇక తుప్పు. మడ్‌గార్డు లోపలి వైపు, టైరుకు ఎదురుగా, రేకు అంచు మడిచిన చోటు చూడండి. ఎన్నో దమ్ముల బురద ఆ మడతలో రాయిలా బిగిసి ఉంటుంది. వాన పడ్డప్పుడల్లా నీరు పీల్చుకుని రోజుల తరబడి రేకును తడిగా ఉంచుతుంది. దానికి ట్రక్కులో మోసిన పొటాష్ పొడి కలిస్తే ఇనుమును ఇంకా తొందరగా తినేస్తుంది. స్క్రూడ్రైవరుతో ఆ మడతంతా గీకి, వైరు బ్రష్షు తిప్పి, తెల్లటి రేకు కనిపించేదాకా ఉప్పుకాగితం పట్టాలి. లప్పం పెట్టి తుప్పును కప్పేస్తే ఒక్క వానాకాలం గడిచేసరికి పొక్కులు లేస్తాయి. రేకు పల్చబడితే కొత్త ముక్క వెల్డింగు చేయించడమే మేలు. పాత హెచ్‌ఎంటీ బండ్లకైతే ఇది మరీ ముఖ్యం. పింజోర్‌లో జెటార్ సాయంతో మొదలైన హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఆ బండ్లు ఉన్నవాళ్లకు కంపెనీ నుంచి కొత్త బానెట్ వచ్చే దారి లేదు, ఉన్న రేకే వాళ్ల ఆస్తి.

మనవాళ్లకు బండిని డీజిలుతో తుడిచే అలవాటుంది. మడ్డి పోతుంది గానీ నూనె పొర మిగులుతుంది. దాని మీద రంగు కొడితే చేపకళ్లలాంటి గుంటలు పడతాయి. సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, థిన్నరు గుడ్డతో ఒకసారి, వెనకే పొడి గుడ్డతో మరోసారి తుడవాలి. హబ్బు దగ్గర ఆయిల్ కారుతుంటే ముందు సీలు మార్పించండి.

స్ప్రే గన్ను విషయానికొస్తే, పైరంగుకు 1.4 మి.మీ. నాజిలు సరిపోతుంది. కంప్రెసరు ట్యాంకు అడుగు కుళాయి తిప్పి నీళ్లు వదిలేశాకే పని మొదలుపెట్టాలి. గన్నును రేకుకు జానెడు లోపు దూరంలో, నిటారుగా, ఒకే వేగంతో నడపాలి. మణికట్టు తిప్పితే మధ్యలో దట్టంగా, చివర్లలో పల్చగా పడుతుంది. చెయ్యి మొత్తం కదలాలి. రేకు అంచు రాకముందే ట్రిగ్గరు నొక్కి, అంచు దాటాక వదలాలి. ప్రతి వరస పక్క వరసను సగం కప్పాలి. మొదటి కోటు అడుగు కనిపించేంత పల్చగా ఉంటే చాలు. కొత్తవాళ్లకు అక్కడే ఓపిక పోతుంది, ఒకేసారి నింపేద్దామని చూస్తారు, రంగు కారుతుంది. మిట్టమధ్యాహ్నం కాలిన రేకు మీద రంగు పడేలోపే థిన్నరు ఆవిరై గరుకు తేలుతుంది. మా డెల్టాలో సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి కాలం, పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి సాయంత్రం మంచు పడకముందే ముగిస్తే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పీయూ హార్డెనరులో ఐసోసైనేట్లు ఉంటాయి. పొగమంచులా లేచే ఆ తుంపర పీలిస్తే ఆస్తమా పట్టుకోవచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కొద్దిగా తగిలినా ఊపిరాడదు. ముక్కుకు కట్టిన తువ్వాలు, దుమ్ము మాస్కు దాన్ని ఆపలేవు. బయటి నుంచి మంచి గాలి అందించే ముసుగు ఉండాలి. ఆటోనగర్లలో తువ్వాలు కట్టుకుని రోజంతా గన్ను కొట్టే పెయింటర్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. బండి మెరవాలని డబ్బిచ్చే మనం ఆ మనిషి మాస్కుకు కూడా ఇవ్వాలి. అలాంటి ముసుగు లేని కొత్తవాళ్లు పీయూ జోలికి పోవద్దు. ఎనామిల్‌కైనా గాలి ఆడే చోటు, ఆవిర్లను ఆపే క్యాట్రిడ్జి మాస్కు ఉండాలి.

గ్రీజు నిపుళ్లు, పీటీవో షాఫ్టు, రేడియేటరు రెక్కలు, రబ్బరు పైపులు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు టేపు వేసి కప్పండి. సైలెన్సరుకు వేడి తట్టుకునే రంగు వేరేగా దొరుకుతుంది. ఆర్‌సీలో రాసిన రంగునే ఉంచితే ఆర్‌టీవో ఆఫీసుతో పనిపడదు. మిగిలిన ఎనామిల్‌ను చిన్న డబ్బాలో అంచుదాకా నింపి, మూత బిగించి, టూల్‌బాక్సులో ఓ చిన్న బ్రష్షుతో పాటు పెట్టుకోండి. కోతలయ్యాక బండి కడిగిన రోజున గీతలు పడ్డచోటల్లా ఉప్పుకాగితం రుద్ది, ముందు ప్రైమరు, అది ఆరాక రంగు.