శిలాస్థులను వెలికిదీయు నేర్పు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి సీమల తెలుగు కుటుంబములు సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని నందిదుర్గ మెక్కునపుడు, పాదముల క్రింది రాయి సుమారు 250 కోట్ల యేండ్ల నాటిదనియు, జంతుజాల మింకను పుట్టని కాలమున గట్టిపడిన దగుటచే నం దెంత త్రవ్వినను ఎముక దొరకదనియు పెద్దలు చెప్పవలసియున్నది. ఎముకలు దొరకు భాగ్యము ప్రాణహిత-గోదావరి లోయకు దక్కినది. అచ్చటి యామన్‌పల్లి కడ దొరకిన కోటాసారస్ అను డైనోసారు అస్థిపంజరము, 1988లో శిలాజ పండితులు యాదగిరిగారి వర్ణనచే లోకమున కెఱుకపడి, హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నెలకొన్నది.

దానిని జూడబోవు కుటుంబములు త్రవ్వకపు పనివారి నేర్పును గూడ తలంపవలెను. గడ్డపారతో పైమన్ను తొలగించి, ఎముక యంచు కనబడగనే గడ్డపారను విడిచి చిన్న యులిని, కుంచెను చేపట్టి, పగుళ్ళకు జిగురు పట్టించి, దొరకిన చోటును పటమున గుర్తించి, తడికాగితము కప్పి, ప్లాస్టరులో ముంచిన గోనెపట్టీలు చుట్టి, అవి యెండిన పిదపనే యడుగు మట్టిని కోసి మెల్లగా తిరుగవేయుదురు. సుమారు 18 కోట్ల యేండ్లు నిలిచిన ఎముక తొందరపడిన చేతిలో క్షణమున పిండియగును. పండితుని పేరు గ్రంథమున కెక్కును. పనివాని పేరు ఎక్కదు. కాని, వాని యోర్పు లేనిదే ఆ గ్రంథమే లేదు. ఆ మహాజంతువు నెదుట నిలిచిన చింతామణి బాలునకు ఈ సంగతి చెప్పుట మన ధర్మము.