గడప ఇవతలి కథ: మిషన్ యాత్రావృత్తాంతంలో బాలల చిత్రణ – 'అంటరాని వసంతం'తో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్ట ప్రాంతాలలో క్రైస్తవ మిషన్ చరిత్రకు, పిల్లల ఆశ్రయ గృహాలకు విడదీయరాని సంబంధం ఉంది. ఈ గృహాలను చూడవచ్చిన విదేశీ బృందాలు రాసుకొనే యాత్రావృత్తాంతాలు ఒక ప్రత్యేక రచనారూపంగా స్థిరపడ్డాయి. జాన్ ఇ. క్లౌ ఆత్మకథాత్మక గ్రంథాన్ని, నేటి యాత్రావృత్తాంతాల సామాన్య స్వరూపాన్ని, జి. కళ్యాణరావు నవల 'అంటరాని వసంతం'ను పక్కపక్కన ఉంచి, పిల్లవాడి కథ ఎక్కడ మొదలవుతున్నదనే ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మిషన్ యాత్రావృత్తాంతం, బాలల గృహం, అనాథ, కరవు, దళిత నవల, దర్శి.

1. ప్రవేశిక

దర్శి ప్రాంతం ప్రకాశం జిల్లాలో వానమీద ఆధారపడిన మెట్ట నేల. కంది, పత్తి, మిరప, పొగాకు ఇక్కడి పంటలు. నాగార్జునసాగర్ కుడి కాలువ చివరి భూములకు నీరు అందిన ఏడు ఒక తీరు, అందని ఏడు మరో తీరు. పని దొరకని కుటుంబాలు మిరపకోతలకు, ఇతర కూలిపనులకు ఊరు విడిచి వెళ్తాయి. వెళ్లేవారి ముందు నిలిచే మొదటి ప్రశ్న పిల్లలను ఎవరి దగ్గర వదలాలన్నది. హాస్టలు గానీ, మిషన్ బోర్డింగు గానీ, బాలల గృహం గానీ ఈ ప్రశ్నకు జవాబుగానే నిలబడ్డాయి.

ఈ నేపథ్యం ఇక్కడివారికి తెలిసినదే. అయితే విదేశాల నుంచి పది పదిహేను రోజుల కోసం వచ్చే బృందాల యాత్రావృత్తాంతాలలో ఇది ఏ మేరకు కనిపిస్తుందన్నది సాహిత్య విమర్శ పట్టించుకోవలసిన విషయం. ఆ రచనలను భక్తి రచనలుగానో విరాళ పత్రాలుగానో పక్కన పెట్టడం పరిపాటి. కాని తెలుగు పిల్లల జీవితాన్ని ప్రపంచం చదువుకునే పాఠాలలో అవీ కొన్ని. కనుక వాటి కథన నిర్మాణం పరిశీలనార్హం.

2. క్లౌ గ్రంథంలో ఊరు, కరవు, మనిషి

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తెలుగు దేశంలో 1836లో ప్రారంభమైంది. క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆయన జీవితకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' 1914లో వెలువడింది. దానిని అక్షరబద్ధం చేసినది ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. మాదిగల జీవితం మీద ఆమె అంతకుముందే 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' ప్రచురించింది.

ఈ గ్రంథానికి వలసపాలన కాలపు దృష్టి ఉంది. సంస్కర్త స్థానంలో ఎప్పుడూ మిషనరీయే ఉంటాడు. అయినా ఇందులోని మనుషులకు పేర్లు, ఊళ్లు, పూర్వచరిత్ర ఉన్నాయి. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య క్రైస్తవం స్వీకరించడానికి ముందే యోగమార్గంలో సత్యాన్వేషణ చేసినవాడని గ్రంథం చెబుతుంది. అంటే అతని కథ మిషనరీ రాకతో మొదలు కాదు.

1876–78 కరవు చిత్రణ మరింత గమనార్హం. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా పనిని గుత్తకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు. సాయం కోసమే జనం మతంలో చేరుతున్నారన్న మాట రాకుండా కరవు కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. సాయం ముగిసిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్యను మిషన్ ప్రపంచం తరతరాలుగా చెప్పుకుంది. విమర్శకు మాత్రం సంఖ్య కంటే దాని వెనుక ఉన్న కాలువగట్టు ముఖ్యం. ఇక్కడ ఆకలికి కారణం, కూలి, పనిస్థలం మూడూ పాఠంలో నమోదయ్యాయి.

3. నేటి యాత్రావృత్తాంతపు చట్రం

నేటి యాత్రావృత్తాంతానికి దాదాపు స్థిరమైన చట్రం ఏర్పడింది. విమానాశ్రయం, గతుకుల దారి, గృహం ముందు వరుసగా నిలిచిన పిల్లలు, పూలదండలు, పాటలు, ప్రార్థన, కానుకల పంపిణీ, ఛాయాచిత్రాలు, కన్నీటి వీడ్కోలు, తిరుగు ప్రయాణంలో ఆత్మపరిశీలన ఇందులోని ఘట్టాలు. కథనంలో మార్పు చెందే పాత్ర ఒక్కటే, అది యాత్రికుడు. పిల్లవాడు ఆ మార్పుకు నిమిత్తమాత్రుడు. అతడు నవ్వుతాడు, పాడతాడు, చేయి పట్టుకుంటాడు, మాట్లాడడు. మాట్లాడినా దుబాసీ మాటే పాఠానికి చేరుతుంది.

ఈ గృహాలు అన్నం పెట్టాయి, చదువు చెప్పాయి. ఊరి బడిలో వెనుక వరుసకు నెట్టబడిన కులాల పిల్లలకు పలక పట్టించిన చరిత్ర మిషన్ విద్యకు ఉంది. దాతల ఆర్ద్రతను శంకించడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. ప్రశ్న కథనానికి సంబంధించినది. క్లౌ గ్రంథంలో ఉన్న కాలువగట్టు ఈ పాఠాలలో లేదు. పిల్లవాడు గృహానికి ఎందుకు వచ్చాడు? వాన పడక పోవడమా, అప్పా, తండ్రి మరణమా, తల్లి వలసా? ఈ ప్రశ్న లేనప్పుడు పేదరికం ఆ ప్రాంతపు ప్రకృతిగా కనిపిస్తుంది. కథ గృహం గడప దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది.

4. 'అనాథ' అనే పేరు

ఈ చట్రాన్ని నిలబెట్టే మాట 'అనాథ'. నాథుడు లేనివాడు అనాథ అనే వ్యుత్పత్తిలోనే రక్షకుడి స్థానం ఖాళీగా ఉంది. కథనం ఆ స్థానంలో యాత్రికుడిని కూర్చోబెడుతుంది. వాస్తవం ఇంత సరళం కాదు. దేశవ్యాప్తంగా 9,589 బాలల సంరక్షణ సంస్థలను పరిశీలించి కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ వెలువరించిన నివేదిక ప్రకారం, వాటిలో అనాథల కంటే తల్లి గానీ తండ్రి గానీ ఉన్న పిల్లల సంఖ్య చాలా ఎక్కువ. 'అనాథ' అన్న ఒక్క మాట మిరప చేలలో కాయ కోస్తున్న ఒక తల్లిని పాఠం నుంచి తొలగించగలదు.

చట్టం ఈ విషయంలో కథనం కంటే ముందుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం పిల్లలను సంస్థలో ఉంచడాన్ని చివరి మార్గంగానే చూడాలని సూత్రీకరించింది. పిల్లల సంరక్షణ సంస్థలన్నీ నమోదు కావాలని 41వ సెక్షను నిర్దేశిస్తే, వివిధ విచారణల వార్తలలో సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 74వ సెక్షను నిషేధించింది. ఆ చట్టం మూలసూత్రాలలో పిల్లల గోప్యతా హక్కు కూడా ఒకటి. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ బాలల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమాల స్వచ్ఛంద సేవాయాత్రల వల్ల కలిగే హానిని ప్రస్తావించింది. పేరు, ముఖం, కన్నీటి కథ అన్నీ పరిచే యాత్రావృత్తాంతాన్ని ఈ వెలుగులో చదివితే అది శైలికి మాత్రమే సంబంధించిన సమస్య కాదని విదితమవుతుంది.

5. 'అంటరాని వసంతం': తిరుగు ప్రయాణం

జి. కళ్యాణరావు నవల 'అంటరాని వసంతం' 2000లో వెలువడింది. క్లౌ గ్రంథంలోని కరవు, బకింగ్‌హామ్ కాలువ ఈ నవలలోనూ ఉన్నాయి. అయితే చూపు మారింది. కరవుకు ఊరు విడిచిన శివయ్య, శశిరేఖలకు పని దగ్గర కూడా కులం అడ్డు నిలుస్తుంది. క్రైస్తవం వారి జీవితంలోకి ఆ అవమానం తరువాత, ఆ ఆకలి మధ్య ప్రవేశిస్తుంది. మిషన్ పాఠంలో మతాంతరీకరణ గమ్యం. నవలలో అది దారిలో ఒక మజిలీ.

శివయ్య కొడుకు రూబేను మిషన్ నీడలో పెరిగినవాడు. మిషన్ యాత్రావృత్తాంతపు తర్కంలో అతని కథ అక్కడే ఫలవంతంగా ముగియాలి. నవలలో అసలు కథ అక్కడినుంచి వెనక్కు నడుస్తుంది. రూబేను తన మూలాలను వెతుక్కుంటూ ఎన్నెలదిన్నికి వెళ్తాడు. తాత ఎల్లన్న పాట, ఆట, ఆ వాడ జ్ఞాపకం అతనికి వారసత్వంగా దొరుకుతాయి. ఈ కథనమంతా రూతు జ్ఞాపకంగా సాగడం మరో విశేషం. ఆశ్రయం పొందినవారి కథను ఆ కుటుంబమే చెప్పుకుంటుంది.

నవలను యాత్రావృత్తాంతంతో పోల్చడం న్యాయమా అన్న ఆక్షేపణ రావచ్చు. ఒకటి పలు తరాల విస్తృతి గల కల్పన, మరొకటి కొద్ది రోజుల అనుభవ కథనం. అయితే ఇక్కడి పోలిక కళాత్మకతకు సంబంధించినది కాదు, కథ ఆరంభ బిందువుకు సంబంధించినది. పిల్లవాడికి గృహానికి ముందు ఒక ఊరు ఉన్నదని చెప్పడానికి మూడు తరాల కథ అక్కరలేదు, ఒక వాక్యం చాలు. ఆ వాక్యం లేకపోవడానికి నిడివి కారణం కాదు.

6. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు స్పష్టమవుతున్నాయి. క్లౌ గ్రంథం తన పరిమితులతోనే కరవును, కూలిని, ఊరిని నమోదు చేసింది. నేటి యాత్రావృత్తాంతం సానుభూతిని నిలుపుకొని కారణాన్ని వదులుకుంది. 'అంటరాని వసంతం' ఆశ్రయం పొందిన పిల్లవాడికి తన ఊరిని వెతికే హక్కు ఇచ్చింది.

దర్శి, పొదిలి, కనిగిరి వంటి ప్రాంతాలలో మిషన్ బోర్డింగులలో, హాస్టళ్లలో చదివి అధ్యాపకులు, నర్సులు, ఉద్యోగులు అయిన తరాలు ఇంకా మన మధ్య ఉన్నాయి. ఆశ్రయపు అన్నాన్ని, చదువును, ఒంటరితనాన్ని, సెలవులలో ఇంటికి వెళ్లిన దారిని చెప్పగలవారు వారే. వారి మౌఖిక కథనాల సేకరణ, వాటిని మిషన్ పత్రాలతో పోల్చి చదవడం తెలుగు పరిశోధనకు తక్షణ అవసరాలు. వారి వయసు దృష్ట్యా ఈ పనికి వ్యవధి ఎక్కువగా లేదు.