ఆరు మీటర్ల చెయ్యి

మా ఖానాపూర్‌లో గోదావరి ఒడ్డు ఎక్కడని అడిగితే, ఏ నెలలో అని ఎదురడుగుతారు. ఎండాకాలం ఇసుకలో నడిచిన చోటే వానకాలం నీళ్లు పారుతాయి. భూమి అయస్కాంత క్షేత్రానికి ఉన్న హద్దూ అట్లాంటిదే. సూర్యుడి వైపు మామూలుగా భూకేంద్రం నుంచి అరవై వేల కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. సూర్యుడి నుంచి వీచే సౌరగాలి ఒత్తిడి పెరిగితే లోపలికి, తగ్గితే బయటికి జరుగుతుంది.

ఎగువన పోచంపాడు డ్యాం గేట్లు ఎత్తారని కబురొస్తే మావాళ్లు ఒడ్డున ఉన్న మోటార్లు పైకి లాక్కుంటారు. అట్లా ఎగువన నిలబడి సౌరగాలి రాకడ చూసేది మన అంతరిక్ష నౌక ఆదిత్య-ఎల్1. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరి, ఇప్పుడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. పోతున్న దారినీ వృథా చేయలేదు. సెప్టెంబరు 10న, 50 వేల కిలోమీటర్లు దాటాక, స్టెప్స్ అనే పరికరాన్ని ఆన్ చేశారు. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ చేసిన ఆ పరికరం వేర్వేరు దిక్కులకు తిరిగిన ఆరు సెన్సార్లతో భూమి చుట్టూ ఉన్న కణాలను లెక్కపెట్టింది.

నాకు మరీ ముచ్చటేసేది అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఆదిత్య మాగ్నెటోమీటర్. మన నేల మీద అయస్కాంత క్షేత్రం 40 వేల నానోటెస్లాల పైమాట. ఆదిత్య ఉన్న చోట మామూలు రోజుల్లో ఐదారు మాత్రమే. నౌకలోని తీగల్లో పారే కరెంటు కూడా ఒక క్షేత్రాన్ని పుట్టిస్తుంది. సన్నటి గొంతు వినాలంటే ముందు ఇంట్లో రొద ఎంతో తెలియాలి కదా! అందుకే ఆరు మీటర్ల కార్బన్ ఫైబర్ చెయ్యి కట్టి, మూడు మీటర్ల దగ్గర ఒక సెన్సార్‌ను, కొసన ఇంకొకదాన్ని పెట్టారు. నౌక క్షేత్రం దూరం పోయినకొద్దీ గబగబా తగ్గిపోతుంది. బయటి క్షేత్రం మాత్రం రెండు చోట్లా ఒక్కటే. కాబట్టి రెండు లెక్కల్లో తేడా ఎంతో చూస్తే నౌక కలిపిన కల్తీ ఎంతో తెలుస్తుంది, దాన్ని తీసేయొచ్చు. ఎంత తేట ఆలోచన!

స్ప్రింగు కీళ్లతో కలిపిన ఐదు ముక్కల ఆ చెయ్యి 132 రోజులు మడిచి కట్టేసి ఉంది. 2024 జనవరి 11న దాదాపు తొమ్మిది సెకన్లలో చాచుకుంది. అన్ని రోజులు చలినీ శూన్యాన్నీ ఓర్చుకున్న కీలు ఒక్కటీ మొరాయించలేదు. సరిచేయడానికి అక్కడ మనిషి లేడు.

2024 అక్టోబరులో పెద్ద సౌర తుపాను వచ్చింది. ఆదిత్య కొలతలను ఇతర నౌకల కొలతలతో కలిపి చూస్తే ఒకటి తేలింది: భూమి అయస్కాంత క్షేత్రపు హద్దు ఎంతగా లోపలికి నొక్కుకుపోయిందంటే, 36 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే కొన్ని ఉపగ్రహాలు కాసేపు దాని బయట పడ్డాయి. మన ఇళ్ల మీది డిష్‌లు చూసే ఉపగ్రహాలు తిరిగేదీ ఆ ఎత్తులోనే.