ఇంటిపేరు - పూర్వగ్రామము : సాక్ష్యపరిశీలనము

కవుల జీవితములను వ్రాయువారును, స్వవంశమూలము నెరుగగోరు వారును మొట్టమొదట ఆశ్రయించునది ఇంటిపేరు. అందు ఊరిపేరు కనబడినతోడనే ‘వీరి పూర్వులు ఆ గ్రామవాసులు’ అని నిర్ణయించి, అంతటితో తృప్తిపడుట మన జీవితచరిత్రలలో పరిపాటి యైనది. ఈ నిర్ణయము తరచుగా సత్యమే కావచ్చును. కాని అది యెంతవరకు సత్యమో విచారింపవలసి యున్నది.

కందుకూరిలో నున్నవారందరును కందుకూరివారే. అచ్చట ఒక కుటుంబమును వేరొక కుటుంబమునుండి గుర్తించుటకు ఆ పేరు పనికిరాదు. ఆ కుటుంబము మరియొక యూరు చేరి, అచ్చటివారిచే ‘కందుకూరివారు’ అని పిలువబడినప్పుడే అది ఇంటిపేరగుటకు అవకాశము హెచ్చు. కరణికము మొదలగు అధికారములచే ఇరుగుపొరుగు గ్రామములలో ప్రసిద్ధులైనవారి విషయమున ఇందుకు అపవాదము లుండవచ్చును. సామాన్యముగా మాత్రము గ్రామనామమునుండి పుట్టిన ఇంటిపేరు నివాసమునకంటె వలసకే ప్రబలమైన సాక్ష్యము.

కందుకూరి వీరేశలింగముగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. గురజాడ అప్పారావుగారు 1862లో విశాఖపట్టణ ప్రాంతమునందలి రాయవరమున జన్మించిరి. గురజాడ గ్రామమో కృష్ణామండలమున నున్నది. ఇంటిపేరు ఈ దూరమును సూచించును. కాని ఆ ప్రయాణము ఎన్ని తరములు పట్టినదో, కరవుచేతనో కొలువుచేతనో వివాహసంబంధముచేతనో జరిగినదో చెప్పజాలదు. ఆ యూరికి పూర్వము వారెచ్చటివారో అసలే చెప్పదు. తెనాలి రామకృష్ణకవి ఇంటిపేరు గార్లపాటివారని సాహిత్యచరిత్రలు చెప్పుచున్నవి. లోకము ఆయనను తెనాలివానిగనే యెరుగును. ఒక యూరిపేరుపై మరియొక యూరిపేరు వచ్చి చేరుట కిది నిదర్శనము. ఇట్టిచోట ‘మూలగ్రామ మేది?’ యనుటకంటె ‘ఏ కాలమున ఏ గ్రామము?’ యనుట సరియైన ప్రశ్న.

ఒకే పేరుగల గ్రామములు పెక్కు లుండుట మరియొక చిక్కు. కందుకూరను పేరుగల యూరు తెలంగాణమున రంగారెడ్డి జిల్లాయందును కలదు. కోస్తాలోని కందుకూరు 1970లో నెల్లూరు జిల్లానుండి నూతనముగా నేర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినది. ఆ జిల్లాయే పిదప ప్రకాశం జిల్లా యైనది. 2022లో కందుకూరు మరల నెల్లూరులో కలిసినది. కావున పాత పత్రములను వెదకువాడు ఊరిపేరుతోపాటు ఆ కాలపు తాలూకాను, జిల్లాను గూడ నిర్ణయించుకొనవలయును.

ఇంటిపేరు చెప్పలేనిదానిని కైఫియతులు చెప్పునని పలువురి విశ్వాసము. కర్నల్ కాలిన్ మెకంజీ (1754-1821) కావలి సోదరుల సహాయముతో సేకరించిన ఈ గ్రామవృత్తాంతములు అమూల్యములే. కాని వానిని చెప్పినవారిలో ముఖ్యులు కరణములు; వారు తమ మిరాసీహక్కులను నిలుపుకొన దలచినవారు. గుంటూరు ప్రాంతపు కైఫియతులు కొన్ని, గణపతిదేవుని ప్రధానియైన గోపరాజు రామన్న శాలివాహన శకము 1067లో నియోగులకు కరణికములను పంచిపెట్టెనని చెప్పును. ఆ శకవర్షము క్రీ.శ. 1145 ప్రాంతము, గణపతిదేవుడు రాజ్యమునకు వచ్చినది 1199లో. కాలము పొసగకున్నంతమాత్రమున ఆ కైఫియతులను త్రోసివేయ బనిలేదు. చెప్పినవాని తాతముత్తాతల కాలపు పంపకములకు, తగవులకు అవి మంచి సాక్ష్యములు. ఆరువందల యేండ్లనాటి సంగతికి మాత్రము, ఆ వంశము తన్ను గూర్చి యేమి నమ్మినదో తెలుపు సాక్ష్యములు.

మరియు కైఫియతులలో భూమియు హక్కును గలవారే ప్రధానముగా గోచరింతురు. తక్కినవారి వంశస్మృతి వ్రాతకెక్కక, ఆశ్రిత గాయకుల కంఠములయందు నిలిచినది. కాపు, రెడ్డి, కమ్మ కుటుంబముల గోత్రములను, ఇంటిపేర్లను పిచ్చిగుంట్లవారును, పద్మశాలీల వంశకథలను కూనపులివారును, మాదిగల జాంబపురాణమును డక్కలివారును చెప్పుచు వచ్చిరి. ఈ పాఠములను విడిచి కాగితమునే నమ్మిన పరిశోధకుడు గ్రామచరిత్ర వ్రాయుచున్నానని భ్రమించి కొన్ని యిండ్ల చరిత్రనే వ్రాయును. ఆ యిండ్లలోనైనను వంశవృక్షము పురుషసంతతినే అనుసరించుటచే తల్లుల పుట్టినిండ్లు మరుగుపడినవి. దత్తత పోయినవానికి ఇంటిపేరు, గోత్రము రెండును మారును. వానివలన జన్మవంశమును తెలిసికొనుట దుర్ఘటము. ఇల్లరికమున అల్లునికి ఇంటిపేరు మారకున్నను నివాసము మారును. అచ్చట ఇంటిపేరు ఆ ఇంటి చరిత్రను తెలుపజాలదు.

కావున ప్రతి సాక్ష్యమును అది చెప్పగలిగిన ప్రశ్నకే వినియోగింపవలయును. వలస దిక్కునకు ఇంటిపేరును, మిరాసీ తగవులకు కైఫియతును, కాలనిర్ణయమునకు శాసనమును, జ్ఞాతిసంబంధములకు మౌఖికపాఠమును ప్రమాణముగా గొని, అవి పరస్పరము విభేదించినచోట ఆ భేదమును దాచక చూపవలయును. ఆంధ్రప్రదేశమున వంశపారంపర్య కరణిక వ్యవస్థ 1984లో రద్దయినది. ఊరి పాతసంగతులను తరతరములుగా నోటనుంచుకొన్న ఇండ్లవారిలో ఆ బాధ్యత నెరిగినవారు నేడు వృద్ధులు. జీవితచరిత్రమునకు పూనుకొన్న విద్యార్థి గ్రంథాలయములో నెలలు గడపుటకు ముందు ఆ యూరికి పోయి, ఆ వృద్ధులను, గాయకులను, ముఖ్యముగా ఆ యింటి స్త్రీలను అడిగి వ్రాసికొనుట మేలు, గ్రంథములు వేచియుండగలవు.