పరీక్షనాళిక నుండి రోగి దాకా: కృష్ణా డెల్టా మొక్కల సారములపై ఒక విమర్శ

కృష్ణానది సముద్రములో కలియుచోట, దివిసీమ దక్షిణపు అంచున, నాగాయలంక, కోడూరు ప్రాంతములలో మడ అడవులు ఉన్నవి. ఈ చెట్లు ఉప్పునీటిలో, గాలి చొరని బురదలో బ్రతుకవలెను. ఆకును తిను పురుగు నుండి, వేరును కుళ్ళించు బూజు నుండి తమను తాము కాపాడుకొనవలెను. పారిపోవుటకు కాళ్ళు లేవు గనుక చెట్టుకు రసాయనమే ఆయుధము. తన రక్షణకై చెట్టు తయారుచేసికొన్న పదార్థము మనిషి రోగమునకు మందు కాగలదా అను ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలకాలముగా ఆకర్షించుచున్నది. ప్రశ్న మంచిదే. దానికి వచ్చుచున్న సమాధానములను ఎంతవరకు నమ్మవలెనన్నదే ఇచట విచారింపవలసిన విషయము.

కృష్ణ పేరు పెట్టుకొన్న అణువులు

2017లో ‘మెరైన్ డ్రగ్స్’ అను అంతర్జాతీయ పత్రికలో ఒక వ్యాసము వెలువడినది. కృష్ణా ముఖద్వారపు మడ అడవిలో సేకరించిన జైలోకార్పస్ మొలుక్కెన్సిస్ అను చెట్టు గింజల నుండి నాలుగు కొత్త సమ్మేళనములను వేరుచేసినట్లు చైనా, భారత పరిశోధకులు అందులో తెలిపినారు. ఈ చెట్టు తీరవాసులు సెనుగ అని పిలుచు జాతిలోనిది. వేప కుటుంబమునకు చెందినది. కొత్త సమ్మేళనములకు నది పేరుమీదుగా కృష్ణోలైడ్ ఎ, బి, సి, డి అని పేర్లు పెట్టినారు. వేపగింజకు చేదునిచ్చు పదార్థముల వలె ఇవి కూడ లిమోనాయిడ్ల తరగతిలోనివే.

వ్యాసములోని రసాయన భాగము మెచ్చదగినది. అణువులో ఏ పరమాణువు ఎచ్చట ఉన్నదో కేంద్రక అయస్కాంత అనునాద పద్ధతిచే గుర్తించుటయే గాక, కృష్ణోలైడ్ ఎ స్ఫటికముపై ఎక్స్-కిరణములను ప్రసరింపజేసి దాని ఆకృతిని సందేహమునకు తావులేకుండ నిర్ధారించినారు.

వైద్యభాగమునకు వచ్చునప్పటికి మాత్రము చదువరి కొంత నిలచి ఆలోచింపవలెను. కృష్ణోలైడ్ ఎ ఎయిడ్స్ వ్యాధికి కారణమైన హెచ్.ఐ.వి.ని కొంతవరకు అడ్డగించినదని వ్యాసము చెప్పుచున్నది. వైరస్ వృద్ధిని సగమునకు తగ్గించుటకు సుమారు 17 మైక్రోమోలార్ గాఢత కావలసివచ్చినది. అదే పదార్థము సుమారు 78 మైక్రోమోలార్ల వద్ద వైరస్‌కు ఆశ్రయమిచ్చు కణములలో సగమును చంపుచున్నది. అనగా మేలుచేయు మోతాదుకును కీడుచేయు మోతాదుకును నడుమ ఎడము నాలుగున్నర రెట్లు మాత్రమే. రోగులకు ఇచ్చుచున్న జిడోవుడిన్ వంటి మందులు ఇంతకంటె ఎన్నో రెట్లు పలుచని గాఢతలోనే వైరస్‌ను ఆపగలవు. పైగా ఈ పరీక్ష గాజుపాత్రలో పెంచిన కణములపై జరిగినది. జంతువులపై గాని మనుష్యులపై గాని కాదు. పరిశోధకులు తమ ఫలితమును ‘మధ్యస్థము’ అని మాత్రమే వర్ణించుకొన్నారు. ఆ నిజాయితీ గౌరవింపదగినది. వ్యాసములోని ఆ చిన్నమాట వార్తగా మారునప్పుడు జారిపోవుటలోనే ప్రమాదమున్నది. ‘మడచెట్టులో ఎయిడ్స్ మందు’ అని ఎవరైన వ్రాసినచో, అది ఆ వ్యాసములో లేని మాట.

నేల ఉసిరి నేర్పిన పాఠము

ఈ జాగ్రత్త అనవసరమని తోచువారు నేల ఉసిరి చరిత్రను చూడవలెను. గుడివాడ చుట్టుపట్ల వరిచేల గట్లమీద, కాలువ ఒడ్డున మొలచు ఈ చిన్న మొక్కను పసరికలకు, అనగా కామెర్లకు, పల్లెలలో తరతరములుగా వాడుచున్నారు. దీని రసాయన పరిశోధనలో ఆంధ్రుల పాత్ర పెద్దది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో టి. ఆర్. శేషాద్రి, జి. వి. కృష్ణమూర్తి ఈ మొక్కలోని చేదుపదార్థమగు ఫిల్లాంథిన్‌ను గూర్చి 1946లో ప్రకటించినారు. 1960లలో ఎల్. రామచంద్రరావు బృందము దాని అణునిర్మాణమును తేల్చినది.

1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొని నోబెల్ బహుమతి పొందిన బ్లూమ్‌బర్గ్‌తో కలిసి, ‘లాన్సెట్’ పత్రికలో ఒక ఫలితమును ప్రకటించినారు. ఆ వైరస్‌ను ఒంటిలో మోయుచున్నవారికి నేల ఉసిరి పొడిని 30 దినములు ఇచ్చినారు. మందు పుచ్చుకొన్న 37 మందిలో 22 మంది రక్తము నుండి వైరస్ గుర్తు మాయమైనది. మందులేని ఉత్తుత్తి గుళికలు పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కరికి మాత్రమే అట్లు జరిగినది. వార్త ప్రపంచమంతట వ్యాపించినది. కాని 1990లో థాయిలాండులో ఇట్టి ప్రయత్నమునే చేసిచూడగా ఆ ఫలితము రాలేదు. ఆ సంగతియు ‘లాన్సెట్’ లోనే అచ్చయినది. 2011లో కోక్రేన్ సంస్థ లభ్యమైన ప్రయోగములనన్నిటిని కూర్చి పరిశీలించి, ఉత్తుత్తి మందుకంటె ఇది మేలని నమ్మదగిన సాక్ష్యము లేదని తేల్చినది.

ఇట్లేల జరిగినది? ఒక కారణము మొక్క గుర్తింపులోనే ఉన్నది. భారతదేశములో చిరకాలము ఫిల్లాంథస్ నిరూరి అను పేరుతో చెలామణి అయినది ఒకే మొక్క కాదు. అసలు నిరూరి అమెరికా ఖండములది. ఇచట ఆ పేరుతో పిలువబడినవి అమారస్, ఫ్రాటర్నస్, డెబిలిస్ మొదలగు వేరు వేరు జాతులు. కంటికి ఒక్కతీరుగా కనిపించినను వీటిలోని ఫిల్లాంథిన్ పరిమాణము సమానము కాదు. ఏ మొక్కపై పరిశోధించినారో నిశ్చయముగా తెలియని పాత వ్యాసములు నేడు సగము విలువను కోల్పోయినవి. ఎండబెట్టి, పేరు, ఊరు, తేదీ వ్రాసి భద్రపరచిన నమూనా ఒక్కటి ఉన్నచో ఈ చిక్కు వచ్చెడిది కాదు.

రెండవ కారణము రోగస్వభావము. హెపటైటిస్-ఎ వలన వచ్చు పసరికలు చాలమందికి కొన్ని వారములలో తమంత తామే తగ్గును. ఆ రోజులలో ఏ ఆకు నూరి త్రాగినను ఆకుకే పేరు వచ్చును. హెపటైటిస్-బి అట్టిది కాదు. అది ఏండ్ల తరబడి కాలేయములో దాగి దానిని గట్టిపరచగలదు, అందు రాచపుండును కలిగింపగలదు. హెపటైటిస్-ఇ గర్భిణులకు ప్రాణాంతకము కాగలదు. ఈ మూడింటినీ కండ్ల పసుపు ఒక్కటే వేరుచేసి చెప్పలేదు, రక్తపరీక్ష చెప్పగలదు. కనుక నేల ఉసిరిపై విమర్శ కేవలము పండితుల వాదము కాదు. ఆకురసమును నమ్ముకొని పరీక్షను వాయిదా వేసికొన్న రోగికి అది జీవన్మరణ సమస్య. హెపటైటిస్-బికి టీకా ఉన్నది. 2011 నుండి దేశమంతటను శిశువులకు వేయు టీకాలలో అది చేరినది. వైరస్‌ను అణచియుంచు మందులును ఉన్నవి.

అన్నిటిని పట్టుకొను పదార్థము

మొక్కల సారములపై వెలువడు వ్యాసములలో తరచుగా కనబడు మరొక లోపము టానిన్లను లెక్కలోనికి తీసికొనకపోవుట. మచిలీపట్నము, పెడనలలోని కలంకారీ పనివారికి ఈ పదార్థము చక్కగా తెలియును. వారు బట్టను కరక్కాయ కషాయములోను గేదెపాలలోను ముంచి ఆరవేయుదురు. కరక్కాయలోని టానిన్ నూలును అంటిపెట్టుకొని, పిమ్మట అద్దిన ఇనుపనీటితో కలిసి నల్లరంగుగా నిలుచును. ఎదురైన దానినెల్ల పట్టుకొనుట టానిన్ గుణము. నూలును పట్టినట్లే అది మాంసకృత్తులను కూడ పట్టుకొనును. మడచెట్ల బెరడులో టానిన్ విస్తారముగా ఉన్నది. అట్టి ముడిసారమును పరీక్షనాళికలోని ఎంజైములపై పోసినచో, టానిన్ వాటికి అంటుకొని పని ఆపివేయును. చూచువారికి అది గొప్ప మందువలె కనిపించును. వైరస్‌నైనను, సూక్ష్మజీవినైనను, రోగి కణమునైనను ఒకే తీరుగా పట్టునది మందనిపించుకొనదు. టానిన్‌ను తొలగించి మరల పరీక్షింపని ఫలితమును సందేహముతో చూడవలెను.

కళాశాలలలో ఎక్కువగా జరుగు బిళ్ళపరీక్ష సంగతియు ఇట్టిదే. సారములో తడిపిన కాగితపు బిళ్ళను సూక్ష్మజీవులు పెరుగు పళ్ళెములో పెట్టి, చుట్టును ఏర్పడిన ఖాళీ వలయమును కొలుతురు. వలయపు వెడల్పు పదార్థము యొక్క బలముమీదనే గాక, అది ఎంత సులభముగా వ్యాపించుననుదానిమీద కూడ ఆధారపడును. నీటిలో కలియని కానుగ, పొన్న, వేప నూనెలకు ఈ కొలత మరింత మోసకరము. ఇది తొలిమెట్టుగా పనికివచ్చును గాని, తీర్పుగా పనికిరాదు.

చెట్టునుండి వచ్చినది కనుక హాని చేయదను నమ్మకము మరొకటి. దివిసీమ మడలలోని తిల్లచెట్టు పాలు కంటపడినచో చూపును దెబ్బతీయునని అడవికి పోవువారికి తెలియును. ఇంటింట వాడు వేపనూనె సంగతి అంతగా తెలియదు. మలేషియాలో ఈ నూనెను లోపలికి పట్టించిన శిశువులకు మెదడు, కాలేయము దెబ్బతినిన ఉదంతములను వైద్యులు 1981లో ప్రకటించినారు. పైపూతకు పనికివచ్చునది కడుపులోనికి పనికిరాకపోవచ్చును. పెద్దలకు సరిపడునది పసివారికి విషము కావచ్చును.

పూర్తిగా నడచిన దారి

ఇంత చెప్పుట మొక్కలలో మందులు లేవనుటకు కాదు. సర్పగంధి ఇందుకు నిదర్శనము. దానిని రక్తపుపోటుకు, ఉన్మాదమునకు వాడిన సంగతిని 1931లో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోసు ప్రకటించినారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపుపోటు రోగులపై తన అనుభవమును బ్రిటిష్ వైద్యపత్రికలో వివరించినాడు. 1952లో స్విట్జర్లాండులో ఆ వేరునుండి రిసర్పిన్ శుద్ధరూపములో లభించినది. పిమ్మట దాని మేలుతోపాటు, మనస్సును క్రుంగదీయు దోషమును కూడ వైద్యులు గుర్తించి మోతాదును తగ్గించినారు. జనుల వాడుక, రోగుల పరిశీలన, శుద్ధ పదార్థము, దోషముల లెక్క, ఈ నాలుగు మెట్లను ఎక్కినందువలననే అది మందైనది. కృష్ణోలైడ్ మొదటి మెట్టు దరిదాపులలోనే ఉన్నది. నేల ఉసిరి రెండవ మెట్టు ఎక్కి జారినది.

ఇక ముందు జరుగు పరిశోధనలను చదువరులు మూడు ప్రశ్నలతో తూచవచ్చును. పరీక్షించిన మొక్క ఏదో నమూనాతో సహా నిర్ధారించినారా? మేలుచేయు మోతాదుకు, కీడుచేయు మోతాదుకు ఎడమెంత? మనుష్యులలో, ఉత్తుత్తి మందుతో పోల్చి, వేరొకచోట మరల చేసినను అదే ఫలితము వచ్చినదా? వీటికి సమాధానములేని సారము ఇంకను పరిశోధనాంశమే గాని ఔషధము కాదు. విఫలమైన ప్రయోగములను కూడ అచ్చువేయు అలవాటు పరిశోధకులకు రావలెను. థాయిలాండు ఫలితము అచ్చుకాకపోయినచో ప్రపంచము ఇంకను 1988 లెక్కనే నమ్మియుండెడిది.

మడచెట్ల విలువను మందు దొరకుటతో ముడిపెట్టుటయు పొరపాటు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన దివిసీమకు, అలల ధాటిని తగ్గించు చెట్ల వరుస ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కరలేదు. రొయ్యపిల్లలకు, చేపపిల్లలకు ఆ వేళ్ళ నడుమనే పెంపకము. కృష్ణోలైడ్ రేపు మందైనను, కాకపోయినను, ఆ అడవి నిలువదగినదే. రోగికి మాత్రము నేడు కావలసినది పరీక్షకు నిలిచిన మందు. ఆశను మందుగా అమ్మకుండుట పత్రికలకును, పరిశోధకులకును సమానమైన బాధ్యత.